పిల్లల ఆటస్థలానికి రబ్బర్ ఫ్లోర్: ముందు ఎత్తు కొలవండి, రంగు తర్వాత చూద్దాం

రబ్బర్ ఫ్లోర్ వేయించాలని నన్ను పిలిచేవాళ్ళలో చాలామంది చేతిలో అప్పటికే రంగుల కార్డు ఉంటుంది. ఎరుపా, నీలమా అన్న వాదన కూడా ముగిసిపోయి ఉంటుంది. నేను సంచిలోంచి టేపు తీసి జారుడు బల్ల మెట్లెక్కడం మొదలుపెడితే వింతగా చూస్తారు, నేల పనికి వచ్చినవాడు పైకెందుకు ఎక్కుతున్నాడని. మొదటి కొలత అక్కడే తీసుకోవాలి. పిల్లలు ఎక్కగలిగిన అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి నేల దాకా ఎంతుందో తెలిస్తే తప్ప ఎంత మందం వేయాలో ఎవరూ చెప్పలేరు. తెలియకుండా చెప్పేవాళ్ళున్నారు, అది వేరే సంగతి.

ఈ ఫ్లోర్లు వేయడమే నా పని. టైల్స్ వేస్తాను, అక్కడికక్కడే కలిపి పోసే రకం కూడా వేస్తాను. సైట్ మీద నన్ను అడిగేవాళ్ళకి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మీరే చేసుకున్నా, ఎవరి చేత చేయించుకున్నా ఇవి తెలిసి ఉండాలి.

ఎత్తు కొలవడంలో కొంచెం మెలకువ ఉంది. చుట్టూ గోడలాగా పూర్తిగా మూసిన ప్లాట్‌ఫాం అయితే ప్లాట్‌ఫాం నేల ఎత్తు లెక్క. కేవలం కడ్డీ అడ్డంగా ఉన్న ప్లాట్‌ఫాం అయితే ఆ కడ్డీ పైఅంచు ఎత్తు లెక్క, ఎందుకంటే పిల్లలు దాని మీదికి ఎక్కి కూర్చుంటారు. మంకీ బార్స్‌కీ, ఎక్కే నిచ్చెనలకీ అన్నిటికన్నా పైన ఉన్న కడ్డీ. ఊయలకు మాత్రం చాలామంది సీటు ఎత్తు కొలిచి ఊరుకుంటారు. ఊగేటప్పుడు పిల్ల ఎక్కడిదాకా వెళ్తుందో ఒక్కసారి చూస్తే ఆ లెక్క ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే సీపీఎస్‌సీ అనే ప్రభుత్వ సంస్థ ఆటస్థలాల మీద ఒక చేతిపుస్తకం వేసింది. అందులో ఊయలకు పైన గొలుసు తగిలించిన చోటు నుంచి నేల దాకా ఉన్న ఎత్తునే పడే ఎత్తుగా తీసుకోమంటారు. నేనూ అదే పాటిస్తాను. యూరప్ ప్రమాణం లెక్క కొంచెం వేరు, దాని ప్రకారం ఎత్తు తక్కువ వస్తుంది. పిల్లల విషయంలో పెద్ద అంకె తీసుకుంటే పోయేదేమీ లేదు.

ఇలా కొలిచిన ఎత్తుల్లో పెద్దది మీ ఫ్లోర్ తట్టుకోవాల్సిన ఎత్తు. ఇక అమ్మేవాళ్ళ దగ్గర అడగాల్సిన మాట ఒక్కటే: "దీని క్రిటికల్ ఫాల్ హైట్ ఎంత?" ఈ మాట అడగగానే అవతలి మనిషి ముఖం చూడండి. టెస్ట్ రిపోర్టు తీసి చూపించేవాళ్ళు ఒక రకం, "మెత్తగా ఉంటుంది సార్, నొక్కి చూడండి" అనేవాళ్ళు ఇంకో రకం.

నొక్కి చూస్తే తెలిసేది ఏమీ లేదు. ఆ అంకె ఎలా వస్తుందో చెప్తాను. తల ఆకారంలో ఉన్న బరువైన లోహపు గుండు ఒకటి ఉంటుంది. దాని లోపల కుదుపును కొలిచే సెన్సార్ బిగిస్తారు. దాన్ని కొంచెం కొంచెం ఎత్తు పెంచుతూ ఫ్లోర్ మీద పడేస్తారు. తాకిన క్షణంలో తలకు తగిలే దెబ్బను హెచ్ఐసీ అనే లెక్కలో కడతారు. ఆ లెక్క 1000 దాటకూడదు, తాకిన క్షణంలో గుండుకు తగిలే కుదుపు ఎక్కువలో ఎక్కువ 200 జీ, అంటే భూమి లాగే బలానికి 200 రెట్లు, దాటకూడదు. ఈ రెండు హద్దుల్లో ఏదో ఒకటి వచ్చేసే ఎత్తే ఆ ఫ్లోర్ క్రిటికల్ ఫాల్ హైట్. యూరప్‌లో ఈఎన్ 1177, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1292 అనే ప్రమాణాలు ఈ పరీక్షవే. అమెరికా పరీక్షలో సుమారు మైనస్ 6, 23, 49 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడుసార్లు చూస్తారు, ఎందుకంటే రబ్బర్ చలికి బిగుస్తుంది, ఎండకు మెత్తబడుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక మూడు విషయాలు చూడండి. అందులో రాసిన మందం, మీకు అమ్ముతున్న మందం ఒకటేనా? అది ఏ నేల మీద పెట్టి పరీక్షించారు, కాంక్రీటు మీదా, కంకర మీదా? ఉత్పత్తి పేరు అదేనా, లేక అదే కంపెనీ వేరే టైల్‌దా? ఒకే మందం ఉన్న రెండు టైల్స్ ఒకేలా పనిచేయవు. లోపల రబ్బర్ ఎంత దట్టంగా అదిమారు, అడుగున కాళ్ళలాంటి బొడిపెలున్నాయా, గట్టి చదునుగా ఉందా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. బొడిపెలున్న టైల్ కింద గాలికి చోటుంటుంది, దెబ్బ పడ్డప్పుడు అవి వంగి శక్తిని తీసుకుంటాయి.

రిపోర్టు చూడకముందే ఒక అందాజు కావాలంటే ఇలా అనుకోండి. మీటరు లోపు ఎత్తుకు 25 నుంచి 30 మిల్లీమీటర్ల టైల్స్ దొరుకుతాయి. మీటరున్నర దగ్గర 45, 50 మిల్లీమీటర్లు అడుగుతారు. 2 మీటర్లకు 65 నుంచి 75. 3 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 100 మిల్లీమీటర్లో, ఇంకా ఎక్కువో. ఇది దుకాణానికి వెళ్ళేముందు మనసులో పెట్టుకోవడానికే. కొనేటప్పుడు మాత్రం రిపోర్టులో ఉన్న అంకెదే మాట.

జిమ్‌లో పరిచే 6, 8, 10 మిల్లీమీటర్ల రబ్బర్ రోల్స్‌ని ఆటస్థలానికి అంటగట్టే ప్రయత్నం తరచూ జరుగుతుంది. కాలు జారదు, చప్పుడు తగ్గుతుంది, చూడ్డానికి బాగుంటుంది. పడే పిల్లవాడికి మాత్రం అది దాదాపు కాంక్రీటే. అలాగే "షోర్ హార్డ్‌నెస్ ఇంత" అని ఒక అంకె చూపిస్తే అది మెత్తదనం గురించి చెప్పేది, పడితే తలకేమవుతుందో చెప్పేది కాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ ప్రమాణాలన్నీ తలకు తగిలే పెద్ద దెబ్బను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎంత మంచి ఫ్లోర్ వేసినా పిల్లవాడు చెయ్యి కింద పెట్టి పడితే ఎముక విరిగే అవకాశం ఉంటుంది. "ఈ ఫ్లోర్ వేస్తే ఏ దెబ్బా తగలదు" అని చెప్పే అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

ఎంత స్థలం కావాలి

ఆట పరికరం ఎంత ఉందో అంతే ఫ్లోర్ వేస్తే సరిపోదు. పిల్లలు నిటారుగా కిందికి పడరు, పక్కకు విసిరినట్టు పడతారు. సీపీఎస్‌సీ ప్రకారం పరికరానికి అన్ని వైపులా 6 అడుగులు, అంటే సుమారు 1.8 మీటర్లు వదలాలి. యూరప్ ప్రమాణంలో కనీసం మీటరున్నర, పడే ఎత్తు మీటరున్నర దాటితే అక్కడి నుంచి పెరుగుతూ పోతుంది. ఊయలకు ముందు, వెనక ఇంకా ఎక్కువ కావాలి. గొలుసు తగిలించిన ఎత్తుకు రెట్టింపు ముందుకు, రెట్టింపు వెనక్కి. అడ్డదూలం 2.4 మీటర్ల ఎత్తులో ఉంటే ముందు 4.8, వెనక 4.8 మీటర్లు. ఈ లెక్క చెప్పగానే ఊయల వద్దనుకున్నవాళ్ళు ఉన్నారు. చోటు లేనప్పుడు అదే మంచి నిర్ణయం.

ఒక ఉదాహరణ. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న జారుడు బల్ల సెట్ అనుకోండి. సెట్ ఆక్రమించేది 6 చదరపు మీటర్లు. నాలుగు వైపులా 1.8 కలిపితే 6.6 ఇంటూ 5.6, అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. అరమీటరు టైల్స్ అయితే చదరపు మీటరుకు నాలుగు, మొత్తం 148. స్తంభాల చుట్టూ, అంచుల్లో కోతకు పోయేవి, తర్వాత మార్చడానికి పక్కన పెట్టుకునేవి కలుపుకుని 160 తెప్పించుకోవాలి. అంచనా పట్టీలో ఫ్లోర్ విస్తీర్ణం పరికరం విస్తీర్ణానికి దగ్గరగా కనిపిస్తే అక్కడే ఆగి అడగండి.

టైల్సా, పోసేదా

టైల్స్ ఫ్యాక్టరీలో ఒత్తి తయారుచేస్తారు కాబట్టి మందం అంతటా ఒకేలా వస్తుంది. ఒకటి పాడైతే ఒకటే మార్చవచ్చు. ఓపికున్న మనిషి ఇద్దరు సహాయకులతో సొంతంగా వేసుకోగలడు. అతుకులు కనిపిస్తాయి, ఏళ్ళు గడిస్తే ఆ అతుకుల్లో గడ్డి, దుమ్ము చేరతాయి.

పోసే రకంలో రెండు పొరలుంటాయి. కింద పాత టైర్లను తురిమిన నల్ల రబ్బర్, దాన్ని ఎస్‌బీఆర్ అంటారు. దెబ్బను మింగేది ఈ పొరే, ఎత్తును బట్టి మందం పెంచేదీ ఇక్కడే. పైన 10 నుంచి 15 మిల్లీమీటర్ల రంగు పొర, అది ఈపీడీఎం అనే రబ్బర్ గుళికలది. ఎండకూ వానకూ ఇది బాగా తట్టుకుంటుంది. రెండింటినీ పట్టి ఉంచేది పాలీయురేథేన్ బైండర్. అతుకులుండవు, గుండ్రటి గుట్టలు, వంపులు ఏ ఆకారమైనా చేయవచ్చు, వీల్‌చైర్ సాఫీగా పోతుంది. కానీ ఇది చేయి తిరిగినవాళ్ళు చేయాల్సిన పని. వీడియో చూసి మొదలుపెట్టొద్దు. బైండర్ గట్టిపడటం మొదలయ్యాక ఆలోచించుకునే టైమ్ ఇవ్వదు.

వదులుగా పోసే రబ్బర్ తురుము కూడా ఉంది. దెబ్బను ఆపడంలో అది గట్టిదే, సీపీఎస్‌సీ పట్టికలో 6 అంగుళాల లోతుకు 10 అడుగుల ఎత్తు రాసి ఉంటుంది. అయితే ఊయల కిందా, జారుడు బల్ల చివరా తురుము పక్కకు జరిగిపోయి గుంత పడుతుంది, రోజూ ఎవరో ఒకరు సర్దాలి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఇలా వదులుగా వాడే గుళికల్లో, తురుములో పీఏహెచ్ అనే ఎనిమిది రకాల హానికర రసాయనాలు మొత్తం కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ 2022 ఆగస్టు నుంచి హద్దు పెట్టింది. టైల్స్ కొన్నా, పోయించినా ఆ పరీక్ష రిపోర్టు ఉందా అని అడగడంలో తప్పులేదు. లోపలి గదికైతే తప్పకుండా అడగండి. కొత్త రబ్బర్‌కు కొంత వాసన సహజమే, బయట కొన్నాళ్ళకు పోతుంది. ప్యాకెట్ విప్పగానే కళ్ళు మండితే ఆ సరుకు వెనక్కి పంపేయండి.

ఇక ఆ రంగుల కార్డు సంగతి. ముదురు రంగులు ఎండలో బాగా కాలతాయి. వట్టి కాళ్ళతో ఆడే చోట, నీడ లేని చోట నలుపు, ముదురు నీలం వద్దంటాను. అలాగని తెలుపు, లేత బూడిద పెడితే ఇంకో తంటా. మామూలు బైండర్ ఎండకు పసుపు పచ్చగా తిరుగుతుంది, లేత రంగు మాసిపోయినట్టు అవుతుంది, నీలం కొన్ని వారాలు ఆకుపచ్చగా కనిపిస్తుంది. నడిచేకొద్దీ పైనున్న బైండర్ పొర అరిగి అసలు రంగు తిరిగి వస్తుంది. ఈ సంగతి ముందు చెప్పకపోతే మధ్యలో ఫోన్లు మొదలవుతాయి. పసుపు తిరగని బైండర్ కావాలంటే అలిఫాటిక్ రకం అడగాలి, దాని ధర బాగా ఎక్కువ. ఇటుక ఎరుపు, మట్టి రంగు, మధ్యస్తపు ఆకుపచ్చ నాకు ఇష్టం. మచ్చలు కనబడవు, పసుపూ కనబడదు.

కింది నేల

ఫ్లోర్ పాడైందని పిలిస్తే నేను రబ్బర్ కంటే ముందు దాని కింద చూస్తాను. లేచిపోయిన టైల్, ఉబ్బిన చోటు, నీళ్ళు నిలిచే మూల, వీటిలో చాలావరకు తప్పు కింద ఉంటుంది. అందుకే ఈ భాగం మీద నాకు మొండితనం ఎక్కువ.

కాంక్రీటు అయితే కొత్తది కనీసం 28 రోజులు ఆరాలి. పని తొందరలో ఉన్న కాంట్రాక్టర్లు దీన్ని సగానికి కోస్తారు. లోపల తేమ ఉండగా జిగురు రాస్తే పట్టు రాదు. తేమ ఉందో లేదో చూడటానికి మిషన్ అక్కర్లేదు. అడుగున్నర చదరంలో పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించండి. కనీసం 16 గంటలు వదిలేసి తీయండి. షీటు లోపలి వైపు నీటి బొట్లున్నా, కింద కాంక్రీటు ముదురు రంగు తిరిగినా ఇంకా ఆరలేదని అర్థం. ఒకచోట చూసి సరిపెట్టుకోకండి, నీడపట్టున ఉన్న మూలలో ఒకటి తప్పకుండా పెట్టండి.

కంకర మీద వేయాలంటే పచ్చటి నేలను తవ్వి, మెత్తటి మట్టి తీసేసి, 100 నుంచి 150 మిల్లీమీటర్ల కంకరను పొరలు పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొట్టాలి. ప్లేట్ కంపాక్టర్ ఉంటే మరీ మంచిది. మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకూడదు. కంకరకు చుట్టూ సిమెంటు అంచుకట్టు ఉండాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి అంచులు విచ్చుకుంటాయి. పోసే రకానికి కంకర చక్కగా పనికొస్తుంది, నీళ్ళు నేరుగా కిందికి దిగిపోతాయి. టైల్స్‌కు నేను కాంక్రీటే కోరుకుంటాను.

వాలు మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉండాలి. రసమట్టం పెట్టి చూసినా సరే, చివరకు నీళ్ళు పోసి చూడకుండా నేను ఒప్పుకోను. నాలుగు బకెట్లు కుమ్మరించి, నీళ్ళు పోయాక మిగిలిన తడి మరకల చుట్టూ సుద్దతో గీత గీస్తాం. ఆ గీతల్లోపల ఉన్నవి గుంతలు, వాటిని సిమెంటు ప్యాచ్‌తో నింపాలి. 2 మీటర్ల బద్ద పెట్టి చూస్తే కింద 4, 5 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ సందు కనిపించకూడదు. టైల్ కింద బొడిపెల మధ్య నుంచి నీళ్ళు పారతాయి, మంచిదే. పారిన నీళ్ళు బయటికి పోవడానికి అంచుకట్టులో కన్నాలు వదలకపోతే మాత్రం ఆ నీళ్ళన్నీ టైల్స్ కిందే ఉండి వాసన, దోమలు మొదలవుతాయి.

మేడ మీద వేస్తుంటే రెండు మాటలు. స్లాబుకు నీటి లీకేజీ లేకుండా చేసిన పొర మీద మేకు గానీ డ్రిల్లు గానీ తగలనివ్వకండి. బరువు కూడా లెక్కలోకి తీసుకోండి, 50 మిల్లీమీటర్ల టైల్స్ చదరపు మీటరుకు 30 కిలోలు దాటవచ్చు.

టైల్స్ వేసే పద్ధతి

టైల్స్ వచ్చిన రోజే వేయొద్దు. ప్యాకింగ్ విప్పి, చదునుగా పరిచి, ఒక పగలు ఒక రాత్రి అక్కడే వదలండి. లారీలో వంగినవి సర్దుకుంటాయి, అన్నీ ఒకే వేడికి వస్తాయి. సగం టైల్స్ ఎండలో, సగం నీడలో ఉంచి వేస్తే ఆ తేడా తర్వాత అతుకుల్లో కనిపిస్తుంది. రబ్బర్ వేడికి సాగుతుంది. మండే మధ్యాహ్నం వేస్తే తెల్లవారేసరికి సందులు పడతాయి, గజగజ వణికే చలిలో ఒత్తి వేస్తే ఎండాకాలంలో ఉబ్బి లేస్తాయి. పొద్దున్న, సాయంత్రం పని పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. గోడల దగ్గర, స్తంభాల దగ్గర కంపెనీ ఎంత సందు చెబితే అంత వదలండి.

గీతలు వేయడం సగం పని. గోడలు నిటారుగా ఉంటాయని నమ్మి గోడ పక్కనుంచి మొదలుపెట్టకండి. స్థలం మధ్యలో పొడవునా ఒక రంగుదారం కొట్టండి, దానికి అడ్డంగా ఇంకొకటి. రెండూ మూలమట్టంగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక గీత మీద 3 మీటర్లు, ఇంకో గీత మీద 4 మీటర్లు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు వస్తుందేమో కొలవండి. రాకపోతే రెండో గీత జరపండి. ఆ తర్వాత జిగురు లేకుండా రెండు వరుసలు పరిచి చూడండి. అంచుల్లో సన్నటి ముక్కలు మిగిలేలా ఉంటే మొత్తం వరుసను అర టైల్ జరపాలి. నాలుగు వేళ్ళ కన్నా సన్నటి ముక్క అంచులో నిలవదు, పిల్లలు పీకేస్తారు.

ఇటుక వరసలో వేసినట్టు అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా వేస్తే గట్టిగా ఉంటుంది. పక్కల కన్నాలున్న టైల్స్‌కు ప్లాస్టిక్ పిన్నులు వస్తాయి, అవి పక్క టైల్‌ను పట్టి ఉంచుతాయి. పిన్నులు దిగాలంటే రబ్బర్ సుత్తితో కొట్టాలి. ఇనుప సుత్తితో కొడితే టైల్ మీద ముద్ర పడి అలాగే ఉండిపోతుంది.

జిగురు పాలీయురేథేన్‌దే వాడండి. పళ్ళ తాపీతో పరచాలి. మొత్తం రాయాలా, చుట్టూ, మధ్యలో రాస్తే చాలా అన్నది టైల్‌ను బట్టి ఉంటుంది. బయట, ఎండా వానా తగిలేచోట నేను మొత్తం రాస్తాను, అతుకుల పక్కలకు కూడా సన్నగా పూస్తాను. ఒకేసారి పరిచే జిగురు మీరు పావుగంటలో కప్పగలిగినంతే ఉండాలి. చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే చర్మం మీద రోజుల తరబడి పోదు, కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి. టైల్ పైన జిగురు పడితే ఆరకముందే తుడిచేయండి, ఆరాక ఎంత గీకినా మచ్చ మిగిలిపోతుంది.

కోతకు కొత్త బ్లేడు, కొంచెం సబ్బు నీళ్ళు. ఒక్క ఊపులో కోయబోకండి, ఇనుప బద్ద ఆనించి నాలుగైదుసార్లు అదే గాటులో లాగండి. కోసేచోట కింద చిన్న చెక్క పెట్టి టైల్‌ను కొంచెం వంచితే గాటు తెరుచుకుని బ్లేడు హాయిగా దిగుతుంది. 50 మిల్లీమీటర్లు దాటితే జిగ్‌సా తెచ్చుకోండి. బ్లేడ్లు లెక్క చూసుకోకుండా మార్చండి. మొద్దు బ్లేడు కోయదు, చింపుతుంది, జారితే వేళ్ళు పోతాయి. స్తంభాల చుట్టూ కోయడానికి ముందు అట్టతో అచ్చు తీసుకోవడం నాకు అలవాటు. టైల్‌ను సగానికి కోసి, అరవృత్తాలు తీసి, స్తంభానికి అటూ ఇటూ కలిపి మధ్యలో సందును సాగే సీలెంట్‌తో నింపుతాం.

చివర్లో ఫ్లోర్ అంచు మామూలు నేలకన్నా ఎత్తుగా మిగిలిపోతే వాలుగా ఉండే అంచు టైల్స్ వేయాలి. లేకపోతే పిల్లలు ఆడుకునేటప్పుడు కాదు, ఆడుకోవడానికి పరుగెత్తుకొచ్చేటప్పుడు పడతారు. పని అయ్యాక బరువు రోలర్‌తో దొర్లించి, ఒక రోజైనా ఎవరినీ అడుగు పెట్టనివ్వకండి. తాళ్ళు కట్టి బోర్డు పెట్టినా పిల్లలు వస్తారు. ఊయల సీట్లు విప్పేసి దాచడం కన్నా గట్టి తాళం నాకు కనబడలేదు.

పోసే పని దగ్గర నిలబడి చూడాల్సినవి

ఈ పని మీరు చేయరు, కానీ దగ్గరుండి చూస్తారు కదా. గుళికలనూ బైండర్‌నూ తూకం వేసి కలుపుతున్నారా, చేతి అందాజా అన్నది మొదట గమనించండి. పై పొరకు గుళికల బరువులో దాదాపు ఐదో వంతు బైండర్ పడుతుంది, కింది పొరకు అంతకన్నా తక్కువ. పై పొరలో బైండర్ తగ్గించి మిగుల్చుకుంటే మొదట ఏమీ తెలియదు. తర్వాత గుళికలు రాలి పిల్లల బూట్లలో ఇంటికి వెళ్తాయి.

మందం కోసం పక్కల బద్దలు పెట్టి వాటి మీద అడ్డ బద్ద లాగాలి. కింది పొర ఆరకముందు సన్నటి చువ్వ గుచ్చి నాలుగైదు చోట్ల లోతు కొలవండి. మీరు గుచ్చడం మొదలుపెడితే మేస్త్రీకి చిరాకు రావచ్చు, పర్వాలేదు. అంచుల దగ్గర మందం తగ్గించేస్తారు, అక్కడ తప్పకుండా గుచ్చండి.

వాన సూచన ఉంటే పని ఆపేయాలి. ఈ బైండర్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది, కానీ నీళ్ళు పడితే నురగలా పొంగుతుంది. ఆ ముక్క తీసేసి మళ్ళీ వేయడం తప్ప దారి లేదు. ఒక రంగు భాగాన్ని ఆ రోజే పూర్తిచేయాలి. సగంలో ఆపి మర్నాడు కలిపితే ఆ గీత దగ్గరే మొదటి పగులు వస్తుంది. పైన తాపీతో తోమేటప్పుడు బలంగా అదిమితే అద్దంలా నున్నగా వస్తుంది, చూసి మురిసిపోవద్దు. రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు దిగవు, ఫ్లోరూ బిగుసుకుపోతుంది. ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి, చలికాలంలో ఇంకొంచెం ఎక్కువ.

ఆ తర్వాత

ఊయల కింద, జారుడు బల్ల చివర, మెర్రీ గో రౌండ్ చుట్టూ ముందు అరుగుతుంది. కాళ్ళు ఈడ్చే చోట్లు అవే. అక్కడ అదనంగా ఒక మందపాటి మ్యాట్ అతికిస్తే కింది ఫ్లోర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఊడ్చడం, నీళ్ళతో కడగడం చాలు. ప్రెషర్ వాషర్ వాడితే నాజిల్‌ను దగ్గరగా పెట్టకండి, గుళికలు లేచిపోతాయి. పెట్రోల్, థిన్నర్ తగిలితే రబ్బర్, బైండర్ రెండూ మెత్తబడతాయి. మచ్చ పోగొట్టబోయి ఫ్లోర్‌నే కరిగించినవాళ్ళు ఉన్నారు. ఇసుక, ఆకులు రంధ్రాల్లో కూరుకుపోతే దెబ్బను ఆపే శక్తి కూడా తగ్గుతుంది, అందుకే చీపురు పనిని చిన్నచూపు చూడకండి. చెట్టు నీడన పాచి పట్టే చోట వానాకాలంలో బ్రష్‌తో తోమించండి, లేదంటే జారుతుంది.

పోసిన ఫ్లోర్ రెండు మూడేళ్ళకు పైన పొడిగా, గరుకుగా అనిపించి అరచేత్తో రుద్దితే గుళికలు రాలుతుంటే, కడిగి ఆరబెట్టి రోలర్‌తో పలచగా బైండర్ పూత వేయించండి. గుంతలు పడేదాకా ఆగితే పూతతో పోదు, కోసి మళ్ళీ పోయాల్సిందే. ఎండకు ఏళ్ళ తరబడి ఎండి బిగిసిన ఫ్లోర్ చూడ్డానికి బాగున్నా దెబ్బను ఆపే గుణం పోయి ఉండవచ్చు. స్కూళ్ళు, పార్కులు నడిపేవాళ్ళు ఆ గుండు పరీక్షను సైట్ మీదే చేయించుకోవచ్చు, దానికి మోసుకెళ్ళగలిగే పరికరాలున్నాయి. కొత్త ఫ్లోర్ అప్పగించే రోజున ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకుంటే తర్వాతి పరీక్షతో పోల్చుకోవచ్చు.

మిగిలిన టైల్స్‌ను ఎండ తగలని చోట, నిలబెట్టకుండా చదునుగా పేర్చండి. పెట్టె మీద ఉన్న బ్యాచ్ నంబర్‌ను రాసి పెట్టుకోండి. ఒక టైల్ మార్చాల్సి వచ్చినప్పుడు పక్క టైల్స్‌ను ఊడబెరకొద్దు. పాడైనదాన్ని మధ్యలో రెండు గాట్లతో నాలుగు ముక్కలు చేసి, ముక్కల్ని లోపలివైపు లాగండి. పిన్నులున్నవైతే వాటిని ఆ సందులోంచే కోసేయవచ్చు. పాత జిగురును ఉలితో పూర్తిగా గీకి, కొత్త టైల్ దించాక దాని మీద ఒక రాత్రంతా బరువు పెట్టండి.